కంప్యూటరు మూగబోయిన రోజున మీ ఇల్లు సిద్ధమేనా?

కొంతకాలం క్రిందట ఒక సాయంకాలం, గృహదర్శనంలో భాగంగా మా సంఘంలోని ఒక పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. డెబ్బయి దాటిన మనిషి. ఒంటరిగా ఉంటారు. కుమారుడు దూరాన ఉద్యోగం చేస్తూ ప్రతి నెలా డబ్బు ఆమె ఖాతాలో వేస్తాడు. పాలవాడికైనా, కూరగాయలకైనా ఫోనుతోనే చెల్లించడం ఆమెకు అలవాటైపోయింది.

నేను వెళ్ళేసరికి ఆమె వాకిట్లో నిలబడి వీధి వైపు చూస్తున్నారు. రాత్రి వేసుకోవలసిన ఇన్సులిన్ అయిపోయింది. పక్కింటి కుర్రవాడికి ఫోనిచ్చి మందుల షాపుకు పంపారు. వాడు వట్టి చేతులతో తిరిగి వచ్చాడు. "మామ్మా, డబ్బులు వెళ్ళడం లేదు. ఎవరివీ వెళ్ళడం లేదట. షాపాయన నోట్లు తెమ్మన్నాడు" అన్నాడు.

ఆమె పెట్టె తెరిచి వెదికారు. చీరల మడతల్లో చూశారు. దొరికినవి నాలుగు రూపాయి బిళ్ళలు.

"అయ్యగారూ, బ్యాంకిలో డబ్బుంది. ఇంట్లోనే లేదు" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో కనిపించిన సిగ్గును నేను మరచిపోలేను. ఆ పూటకు నా జేబులోని నోట్లు పనికివచ్చాయి. మందు వచ్చింది. మరునాటికి ఫోను మామూలుగా పనిచేసింది. ఆ సాయంకాలం ఏమి జరిగిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు, నాకూ తెలియలేదు.

ప్రియ పాఠకులారా, ఆ సాయంకాలం నేనక్కడికి వెళ్ళి ఉండకపోతే? ఈ ప్రశ్నే నన్ను ఈ వ్యాసం వ్రాయడానికి పురికొల్పింది.

ఇది ఎక్కడో జరిగే సంగతా?

మన ఇంట్లోకి వచ్చే కరెంటు, కుళాయి నీరు, బ్యాంకి డబ్బు, టెలిఫోను, ఆస్పత్రి చీటీ అన్నీ ఈనాడు కంప్యూటర్ల మీద నడుస్తున్నాయి. ఆ కంప్యూటర్లలోకి దొంగదారిన చొరబడి వాటిని ఆపివేయడాన్నే సైబర్ దాడి అంటారు. కొందరు డబ్బు కోసం చేస్తారు. కొందరు శత్రుదేశాన్ని దెబ్బతీయడానికి చేస్తారు. దెబ్బ మాత్రం వంటింటిదాకా వస్తుంది.

2015 డిసెంబరు 23. ఉక్రెయిన్ దేశంలో చలికాలం. పడమటి ప్రాంతంలోని ఒక విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయంలో ఉద్యోగి కంప్యూటరు ముందు కూర్చుని ఉండగా తెరమీది బాణం గుర్తు దానంతట అదే కదలసాగింది. ఒక్కొక్క సబ్‌స్టేషను స్విచ్చును తీసివేయడం మొదలుపెట్టింది. చూస్తున్నవారు దానిని ఆపలేకపోయారు. అదే రోజు మూడు సంస్థల మీద ఇలాంటి దాడి జరిగింది. సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. ఫిర్యాదు చేద్దామని జనం ఫోను చేస్తే, అక్కడి టెలిఫోన్లను కూడా దొంగ కాల్స్‌తో ముంచెత్తారు.

మరి కరెంటు తిరిగి ఎలా వచ్చింది? అదే మనం నేర్చుకోవలసిన పాఠం. ఇంజనీర్లు వాహనాలెక్కి సబ్‌స్టేషన్లకు వెళ్ళి, స్విచ్చులను చేతులతో వేశారు. ఒకటి నుంచి ఆరు గంటలలోపు దీపాలు తిరిగి వెలిగాయి. పాతకాలపు చేతి పద్ధతిని వారు పారవేయలేదు. అదే వారిని కాపాడింది.

2021 మే నెలలో అమెరికాలో ఇంకొకటి జరిగింది. తూర్పు తీరానికి కావలసిన ఇంధనంలో సుమారు 45 శాతాన్ని మోసే కొలోనియల్ పైపులైను సంస్థ కంప్యూటర్లను దుండగులు తాళం వేసి డబ్బు అడిగారు. సంస్థ అయిదారు రోజులు పైపులైనును ఆపివేసింది. అయితే పెట్రోలు బంకులు అంత త్వరగా ఖాళీ కావడానికి కారణం దాడి ఒక్కటే కాదు. జనం భయపడి, అవసరమున్నా లేకున్నా ట్యాంకులు నింపుకొన్నారు. ప్లాస్టిక్ సంచులలో పెట్రోలు పట్టవద్దని అక్కడి ప్రభుత్వ సంస్థ హెచ్చరించవలసి వచ్చింది. దాడికి భయం తోడైతే కొరత ఎలా రెట్టింపవుతుందో చూడండి.

మన దేశం సంగతి చూద్దాం. 2019లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు ఇటువంటి దాడికి గురై ఆన్‌లైన్ బిల్లుల చెల్లింపుకు ఆటంకం కలిగింది. కరెంటు సరఫరా మాత్రం ఆగలేదు. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ ఆస్పత్రి సర్వర్లు దెబ్బతిని, సుమారు రెండు వారాలు రోగుల వివరాలను చేతితో వ్రాసుకోవలసి వచ్చింది. 2024 జూలై చివరిలో చిన్న బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సి-ఎడ్జ్ అనే సంస్థ మీద దాడి జరిగింది. సుమారు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు చెల్లింపులు తాత్కాలికంగా నిలిచిపోయాయి. మరునాడు పునరుద్ధరించారు.

ఒక జాగ్రత్త చెప్పాలి. కరెంటు పోయిన ప్రతిసారీ అది సైబర్ దాడి అనుకోకూడదు. 2024 జూలై 19న ప్రపంచమంతటా సుమారు 85 లక్షల కంప్యూటర్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేతితో వ్రాసి ఇచ్చారు. అది దాడి కాదు. ఒక భద్రతా సాఫ్ట్‌వేరులో దొర్లిన తప్పు. కారణం ఏదైనా ఇంట్లో ఉన్నవారికి కష్టం ఒక్కటే. కాబట్టి ఎవరు చేశారన్న చర్చ అధికారులకు వదిలి, మన ఇల్లు మూడు రోజులు నిలబడగలదా అన్నది మనం చూసుకుందాం.

తుపానుకూ దీనికీ తేడా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు నేను అక్కడే పరిచర్యలో ఉన్నాను. చెట్లు కూలాయి, స్తంభాలు విరిగాయి, సెల్‌ఫోన్లు మూగబోయాయి. మా వీధిలో ఒకే ఒక ఇంట్లో చేతితో తోడుకొనే నూయి ఉండేది. "ఈ రోజుల్లో నూయి ఎందుకు, పూడ్పించెయ్యండి" అని ఆ ఇంటి యజమానికి ఎందరో సలహా ఇచ్చారట. ఆ వారం వీధి అంతా ఆ నూతి నీళ్ళే త్రాగింది. కార్డులు గీసే యంత్రాలు పనిచేయక, జేబులో చిల్లర ఉన్నవాడే కొవ్వొత్తి కొనుక్కొన్నాడు.

తుపానుకు ముందు హెచ్చరిక వస్తుంది. రేడియోలో చెబుతారు, ఆకాశం చెబుతుంది. సైబర్ దాడికి ముందు ఏ మబ్బూ కనిపించదు. కాబట్టి దీనికి ఆ రోజున సిద్ధపడడం కుదరదు. ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. దానికి సూత్రం ఒక్కటే: యంత్రం చేసే ప్రతి ముఖ్యమైన పనికీ ఇంట్లో ఒక చేతి దారి ఉంచుకోవాలి. ఇందుకు పెద్ద ఖర్చు లేదు.

ఇంట్లో ఉండవలసిన ఏడు ఏర్పాట్లు

1. నీరు: మోటారు తిరగకపోతే పైట్యాంకు నిండదు. కరెంటు లేకపోతే నీరు శుద్ధిచేసే యంత్రం పనిచేయదు. త్రాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన అయిదుగురున్న ఇంటికి మూడు రోజులకు 60 లీటర్లు కావాలి. అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. వాటిని ఎప్పుడూ నింపి ఉంచి, పాతవి వాడుకుంటూ కొత్తవి పెట్టుకోండి. బాత్రూములో మూతగల ఒక డ్రమ్ము ఉంటే మిగతా అవసరాలు తీరుతాయి. మంచినీళ్ళ మీద అనుమానముంటే తెర్లిన తరువాత కనీసం ఒక నిమిషం మరగనిచ్చి, చల్లార్చి త్రాగండి.

2. వెలుతురు: గదికొక చిన్న టార్చిలైటు, వాటికి సరిపడే కొత్త సెల్లులు ఒకే చోట ఉంచండి. చీకటిలో కూడా ఇంటిల్లిపాదీ తడుముకోకుండా అందుకోగలగాలి. పిల్లలున్న ఇంట్లో కొవ్వొత్తి కంటె టార్చి మేలు. ఇన్వర్టరు ఉన్నవారు ఒక లెక్క తెలుసుకోండి. 150 ఏహెచ్ బ్యాటరీ మంచి స్థితిలో ఉంటే రెండు మామూలు ఫ్యాన్లు, మూడు ఎల్ఈడీ బల్బులతో సుమారు ఆరేడు గంటలు వస్తుంది. ఒకే గదిలో అందరూ పడుకొని ఒక ఫ్యాను, ఒక బల్బు మాత్రం వేసుకొంటే దాదాపు రెట్టింపు వస్తుంది. బ్యాటరీలో నీటిమట్టం చూసి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోండి! జనరేటరును మాత్రం ఇంట్లో గాని, వరండాలో గాని, కిటికీ దగ్గర గాని నడపవద్దు. దాని పొగలోని విషవాయువుకు వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి కూడా అంతే ప్రమాదం.

3. వంట: కరెంటు పొయ్యి ఒక్కదాని మీదే ఆధారపడవద్దు. రెండవ గ్యాసు సిలిండరు ఖాళీ అయిన రోజునే బుక్ చేయండి. అటుకులు, మరమరాలు, వేయించిన సెనగపప్పు, బెల్లం, పిల్లలకు పాలపొడి మూడు రోజులకు సరిపడా ఉంచుకోండి. మన అమ్మమ్మలు వానాకాలానికి ముందు చేసినది ఇదే. కరెంటు పోయాక తలుపు తెరవకుండా ఉంటే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లగా ఉంటుంది. మాటిమాటికి తీసి చూడవద్దు.

4. మందులు: రక్తపోటు, చక్కెర, గుండె, మూర్ఛ, ఆయాసం వంటి వాటికి రోజూ వేసుకొనే మందులు ఎప్పుడూ రెండు వారాలకు తగ్గకుండా ఉండాలి. వాడుకలో ఉన్న ఇన్సులిన్ సాధారణంగా 30 డిగ్రీల వేడి మించని చోట నాలుగు వారాల వరకు నిలుస్తుంది. మీ మందు గడువెంతో దాని పెట్టెలోని కాగితం చూసి, వైద్యుని అడిగి తెలుసుకోండి. ఎండాకాలంలో ఫ్రిజ్ లేకపోతే, మూతగల డబ్బాలో సీసా తడవకుండా పెట్టి, ఆ డబ్బాను తడి మట్టికుండలో ఉంచవచ్చు. ఐసు ముక్కలకు తగలనివ్వవద్దు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద ఉన్న రోగి ఉంటే, సిలిండరు ఎక్కడ దొరుకుతుందో, ఏ ఆస్పత్రికి తీసుకువెళ్ళాలో ఈ రోజే వైద్యునితో మాట్లాడుకోండి.

5. డబ్బు: పాలు, కూరలు, మందులు, ఆటో కలిపి ఒక వారం ఖర్చుకు సరిపడే నోట్లు ఇంట్లో ఉండాలి. 10, 20, 50, 100 నోట్లే ఉంచండి. ఆ రోజున 500 నోటుకు చిల్లర దొరకదు. ఇంటర్నెట్ ఆగి, ఫోను సిగ్నల్ మాత్రం ఉంటే *99# అనే నంబరు ద్వారా కూడా డబ్బు పంపవచ్చు. అయితే దానిని ముందే ఏర్పాటు చేసుకొని ఒకసారి వాడి చూడాలి. బ్యాంకి కంప్యూటరే ఆగితే అది కూడా పనిచేయదు. అప్పుడు నోటే దిక్కు. అలాగని భయపడి ఖాతా అంతా ఖాళీ చేసి ఇంట్లో పెట్టుకోవడం తెలివైన పని కాదు.

6. మాట: మీ కుమారుని ఫోను నంబరు మీకు కంఠస్థమా? నన్ను నేను ప్రశ్నించుకొన్నప్పుడు నాకు తలవంపైంది. మా అబ్బాయి నంబరు నాకు రాదు! ముఖ్యమైన పది నంబర్లు కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాసి తలుపుకు అంటించండి. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, కరెంటు ఫిర్యాదుకు 1912, సైబర్ మోసాలకు 1930 కూడా వ్రాయండి. ఫోన్లు పనిచేయకపోతే కుటుంబమంతా ఎక్కడ కలుసుకోవాలో, బడినుంచి పిల్లలను ఎవరు తీసుకురావాలో ముందే మాట్లాడుకోండి. సెల్లులతో పనిచేసే ఒక చిన్న రేడియో కొనండి. పుకార్లు వీధిలో తిరిగేటప్పుడు ఆకాశవాణి వార్త మనసును నిలబెడుతుంది.

7. కాగితాలు: డాక్టరు చీటీ, రక్తపు గ్రూపు, ఆధార్ నకలు, ఇన్సూరెన్సు, పట్టాదారు పాసుపుస్తకం నకలు ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టండి. బ్యాంకి పాసుపుస్తకంలో నెలకొకసారి లెక్కలు ముద్రింపించుకోండి. కంప్యూటరు మరచిపోయినా కాగితం గుర్తుంచుకొంటుంది.

దొంగకు మన ఇల్లే దారి కాకూడదు

ఉక్రెయిన్‌లో దుండగులు మొదట లోపలికి ఎలా వచ్చారో తెలుసా? నెలల ముందు ఉద్యోగులకు ఈ-మెయిల్‌లో ఒక పత్రం పంపారు. దానిని తెరిచి, తెర మీద అడిగిన అనుమతిని ఎవరో నొక్కారు. అంతే, తలుపు తెరుచుకొంది. కొలోనియల్ సంస్థలోకి వాడుకలో లేని ఒక పాత ఖాతా పాస్‌వర్డు ద్వారా ప్రవేశించారు. అంత పెద్ద వ్యవస్థలు కూలింది అంత చిన్న అజాగ్రత్తల వల్ల!

మన పిల్లలు ఎందరో కార్యాలయాలలో, ఆస్పత్రులలో, బ్యాంకులలో, విద్యుత్ సంస్థలలో పనిచేస్తున్నారు. తల్లిదండ్రులారా, వారితో ఈ సంగతి మాట్లాడండి. తెలియని పత్రం తెరవకూడదు. అన్నిటికీ ఒకే పాస్‌వర్డు పెట్టకూడదు. ఫోను కొత్త మార్పులు వేసుకోమని అడిగితే నెలల తరబడి వాయిదా వేయకూడదు. ముఖ్యమైన ఫొటోలు, పత్రాలు వేరొక చోట కూడా భద్రపరచాలి.

గందరగోళం వచ్చినప్పుడు మోసగాళ్ళు కూడా వస్తారు. "మీ పోయిన నెల బిల్లు నమోదు కాలేదు, ఈ రాత్రి 9.30కి కరెంటు తీసివేస్తాం, ఈ నంబరుకు ఫోను చేయండి" అనే సందేశాలు 2022లో దేశమంతటా వచ్చాయి. ఫోను చేసినవారిలో ఎందరో సొమ్ము పోగొట్టుకొన్నారు. కరెంటు ఉన్నప్పుడే ఇలా జరిగితే, లేనప్పుడు ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి! కంగారు పెట్టే సందేశం వచ్చినప్పుడు ఒక నియమం పెట్టుకోండి. ఇంట్లో ఇంకొకరికి చూపించి, ఇద్దరూ ఆలోచించాకే ఏదైనా చేయాలి.

పక్కింటి సంగతి

ఒక ఇల్లు తనకోసం ఎంత దాచుకొన్నా, పక్కింటివారు దాహంతో ఉంటే ఆ ఏర్పాటు నిలవదు. కొలోనియల్ కష్టకాలంలో ఎవరికి వారు నింపుకోబట్టే అందరికీ లేకుండా పోయింది. హుద్‌హుద్ వారంలో ఒక నూయి అందరిదీ కాబట్టి వీధి బ్రతికింది.

అందుచేత ఒక చిన్న పని చేయండి. మీ వీధిలో గాని, అపార్టుమెంటులో గాని ఒంటరిగా ఉన్న వృద్ధులెవరు? నడవలేనివారెవరు? పై అంతస్తులో ఉండి లిఫ్టు లేకపోతే దిగలేనివారెవరు? నెలల బిడ్డ ఉన్న తల్లి ఎవరు? చేతిపంపు, నూయి ఎవరి ఇంట్లో ఉన్నాయి? ఈ జాబితా అరగంటలో తయారవుతుంది. ప్రతి ఒంటరి ఇంటికీ ఒక మనిషి పేరు ఎదురుగా వ్రాయండి. ఆ రోజున అతడు ఎవరూ పిలవకుండానే వెళ్ళి తలుపు తట్టాలి. మా సంఘంలోని యౌవనస్థులు ఈ పని చేశారు. ఆ జాబితాలో పదకొండు ఇళ్ళు తేలాయి. అందులో మూడు ఇళ్ళు మాకెవరికీ గుర్తు కూడా లేనివి.

ఒక్క సాయంకాలం చేసి చూడండి

చదివి పక్కన పెడితే ప్రయోజనం లేదు. ఈ నెలలో ఒక శనివారం సాయంకాలం ఆరు నుంచి తొమ్మిది వరకు ఇంట్లో కరెంటు మెయిన్ కట్టివేయండి. ఫోన్లు ఒక పెట్టెలో పెట్టండి. ఇంట్లో యంత్రం మీద ఆధారపడిన రోగి ఉంటే మాత్రం ఈ ప్రయోగం వద్దు. ఆ మూడు గంటలలో ఏమేమి లేక ఇబ్బంది పడ్డారో ఒక కాగితం మీద వ్రాయండి. మా ఇంట్లో చేసినప్పుడు టార్చి దొరికింది, సెల్లులు మాత్రం కారిపోయి ఉన్నాయి. అగ్గిపెట్టె ఎక్కడుందో ఎవరికీ తెలియదు. అయితే చాలా నెలల తరువాత నలుగురమూ ఒకే దీపం చుట్టూ కూర్చుని భోంచేశాము. పిల్లలు వాళ్ళ నాయనమ్మ చిన్ననాటి కథలు అడిగి చెప్పించుకొన్నారు.

మొన్న ఆ పెద్దావిడ ఇంటికి మళ్ళీ వెళ్ళాను. తలుపుకు పెద్ద అక్షరాలతో నంబర్ల కాగితం అంటించి ఉంది. పక్కింటి కుర్రవాడి చేతివ్రాత. ఆమె వంటింట్లోకి పిలిచి కాఫీపొడి డబ్బా మూత తీసి చూపించారు. లోపల పది, ఇరవై, యాభై నోట్లు రబ్బరుబ్యాండు వేసి ఉన్నాయి. పక్కన మట్టికుండ.

"ఇప్పుడు ఇంట్లో కూడా ఉంది అయ్యగారూ" అని నవ్వారు.

మీ ఇంట్లో ఉందా?